ఇల్లు మనదే, తలే మనది కాదు

ఉత్తరాన మంచుదేశపు రాజధాని క్రిస్టియానియాలో నవంబరు సూర్యుడు సర్కారు గుమాస్తాలాంటివాడు. ఆలస్యంగా వస్తాడు, వచ్చినా పని చెయ్యడు, మధ్యాహ్నం కాఫీ చల్లారకముందే టోపీ పెట్టుకుని వెళ్లిపోతాడు. ఆయన్ని నమ్ముకుంటే పొయ్యిలో పిల్లి లేవదని టోనెసెన్ మేస్త్రి పనిశాలలో పొద్దుటినుంచే దీపాలు వెలిగించేవారు. ఒక్కొక్క దీపం ముందు నీళ్లు నింపిన గాజుబుడ్డి వేలాడుతూ ఉండేది. వెలుగు ఆ నీళ్లలో దూరి, ఇవతలికి వచ్చేసరికి చొక్కా గుండీ అంత చుక్క అయిపోయి, చెక్కేవాడి ముందున్న అచ్చుదిమ్మ మీద పడేది. ఆ చుక్కలో ఉన్నదే లోకం. మిగతాదంతా చీకటి, జిగురు వాసన, దగ్గులు.

ఆ చుక్కలో హాల్వర్ తన తల్లి ముఖం చెక్కుతున్నాడు. ఆమె తన తల్లి అని ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

దిమ్మ ఇసక నింపిన తోలుదిండు మీద ఉంది. చెక్కేవాడు ఉలిని తిప్పడు, దిండు మీద దిమ్మనే తిప్పుతాడు. హాల్వర్ కుడిచెయ్యి కదిలినట్టే కనబడదు. ఎడమచెయ్యి మాత్రం నిద్రపోతున్న పసిబిడ్డను పక్కకి ఒత్తిగిల్లించినట్టు దిమ్మను కొంచెం కొంచెంగా తిప్పుతూ ఉంది. చలికాలం గనక ఊపిరి తగిలి కర్ర చెమ్మగిల్లకుండా నోటికి గుడ్డ కట్టుకున్నాడు. ఉలి తీసేసినచోట కాయితం మీద తెల్లగా వస్తుంది, వదిలేసినచోట నల్లగా వస్తుంది. తల్లి నుదుటి మీద ముడతలన్నీ వదిలెయ్యాలి. వాటి మధ్యనున్న చర్మాన్ని తియ్యాలి. రెండు ముడతల మధ్య చోటు దోమకాలంత కూడా లేదు.

పక్క బల్లమీద గుల్బ్రాండ్ ఓడ తెరచాపలు చెక్కుతున్నాడు. గుల్బ్రాండ్ ఉలి ఒక్క గంట ఆగినా బతకగలడుగాని నోరు ఆగితే బతకలేడు.

"ఏం హాల్వరూ, వారం మొదట్నుంచీ ఆ ముసలమ్మ బుగ్గ దగ్గరే ఉన్నావు. పెళ్లాడతావా ఏమిటి?"

"నీ ఓడ మునిగిపోతోంది, చూసుకో."

"జాగ్రత్త నాయనా. తూర్పు అడవుల్లో మంత్రాలు వేసే ఫిన్నుల జాతి ముసల్ది అది. మా తాత ఒకసారి అలాంటిదానికి దణ్ణం పెట్టడం మర్చిపోయి ముందుకెళ్లిపోయాడు. ఇంటికొచ్చి చూస్తే ఆవు ఎద్దయిపోయింది. పాలకుండ పట్టుకుని మా నాయనమ్మ దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది, ఎక్కడ పట్టుకోవాలో తెలీక."

గదంతా నవ్వింది. నోటికి గుడ్డ కట్టుకున్నవాడు నవ్వాడో లేదో ఎవరికి తెలుస్తుంది? హాల్వర్ దిమ్మను కాస్త తిప్పి, ఎడమ కనురెప్ప మొదలుపెట్టాడు.

ఆ బొమ్మ ఆ బల్లమీదికి ఊరికే రాలేదు. డాక్టర్ స్టాబెల్ గారు దేశం మొత్తాన్ని బొమ్మల్లో చూపించే పెద్ద పుస్తకం వేయిస్తున్నారు. పాత ఇళ్లు గీసుకు రమ్మని చిత్రకారుడు ఏలర్ట్‌ను వేసవిలో పంపించారు. అసలు సిసలైన పాత ఇల్లు ఎక్కడ దొరుకుతుందని ఏలర్ట్ పనిశాలలో అందర్నీ అడిగాడు. తలెత్తకుండానే హాల్వర్ చెప్పాడు: "తూర్పున సరస్సు దాటాక ఒక పొగ ఇల్లుంది. పొగగొట్టం ఉండదు. ఒక ముసలావిడ ఉంటుంది. ఓట్సు పిండితో మొట్టి అని సంకటిలాంటిది చేసి పెడుతుంది, తిని రండి." అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. అమ్మ చచ్చిపోయేలోగా పుస్తకంలో ఉండాలి. తాను మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకుండా ఉండాలి. ఆ రెండూ ఒకేసారి జరగడానికి అతనికి దొరికిన దారి అదొక్కటే.

చెప్పుకోకపోవడానికి కారణం కిటికీ పక్కనే ఉంది. రెండు ఖాళీ బల్లలు. మొన్న వసంతం దాకా అక్కడ ఇద్దరు జర్మన్లు కూర్చునేవారు. పుస్తకం ప్రకటనలో 'అచ్చంగా మన చేతుల మీదనే తయారైనది' అని వెయ్యాలని డాక్టరుగారికి బుద్ధి పుట్టింది. ఆ వాక్యం అచ్చయిన వారంలో జర్మన్లిద్దరూ పని పోయి ఓడెక్కారు. వాళ్లలో పెద్దవాడి తోలు ముందుగుడ్డ ఇంకా మేకుకి వేలాడుతూనే ఉంది. దాన్ని తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

గురువారం చెక్కడం పూర్తయింది. హాల్వర్ దిమ్మకి సిరా పూసి, పల్చటి కాయితం పరిచి, ఎముక గరిటె వీపుతో రుద్దడం మొదలెట్టాడు. గట్టిగా రుద్దితే సిరా అలుక్కుపోతుంది, మెల్లిగా రుద్దితే ముఖం సగమే వస్తుంది. కాయితం ఒక మూల పట్టుకుని ఎత్తాడు. తక్కువ ఎత్తు గుమ్మం, గుమ్మంలో కూర్చున్న అమ్మ కైసా. దవడ ఎముకలు వెడల్పుగా, కళ్లు సన్నగా, ఎవరో ఏదో అడిగితే జవాబు చెప్పాలా వద్దా అని చూస్తున్నట్టు.

టోనెసెన్ మేస్త్రి ఆ ప్రూఫును దీపం దగ్గరికి తీసుకెళ్లాడు. దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. మేస్త్రి మెచ్చుకోవడమంటే ఏలినవారు మన గుమ్మంలోకి వచ్చి మంచినీళ్లడిగినంత అరుదు.

"ఒరే అబ్బాయ్," అన్నాడు చివరికి. "ఈ ముసలామె నన్ను తిట్టబోతున్నట్టుందిరా. చెక్కినవాళ్ల పేర్లలో నీ పేరు మొదట వేయిస్తాను."

మర్నాడు డాక్టర్ స్టాబెల్ గారు వచ్చారు. వెనకాల ఏలర్ట్, మంచు దులుపుకుంటూ. డాక్టరుగారు మంచివారు. తలుపు తీసినవాడికి కూడా టోపీ తీసి పలకరించే మనిషి. మన దేశం అన్నప్పుడల్లా కళ్లు చెమర్చేవి, అందులో వేషం ఏమీ లేదు. ఆయన ప్రూఫు మీదికి వంగి చాలాసేపు చూశారు.

"గుమ్మం చూడండి. ఆ దూలాలు చూడండి," అన్నారు. "వెయ్యేళ్ల కిందట మన తాతలు ఇలాంటి ఇంట్లోనే ఉండేవారు. బ్రహ్మాండం. మనమీద పెత్తనం చేసే స్వీడనువాళ్లు ఇది చూసి ఏమంటారో వినాలనుంది." కాసేపాగి, "మరి ఈవిడెవరు?" అన్నారు.

"ఆ ఇంటావిడేనండి," అన్నాడు ఏలర్ట్.

"ఆ ఇంటావిడే అనుకో. కాని ఈ దవడలు, ఈ కళ్లు..." డాక్టరుగారు ఎవరి మనసూ నొప్పించకూడదన్నట్టు గొంతు తగ్గించారు. "ఇల్లు మనదే టోనెసెన్. తలే మనది కాదు. ఈ పుస్తకం ప్రతి ఇంట్లోనూ బైబిలు పక్కన ఉంటుంది. పిల్లలు తెరుస్తారు. ఇదిగో మన అమ్మమ్మ అని చూపించాలి కదా? ఈవిణ్ణి చూపిస్తే అమ్మమ్మ అడవి అవతల్నుంచి వచ్చిందా అంటారు."

ఏలర్ట్ టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "ఆవిడ చాలా మంచిదండి. బొమ్మ గీస్తానంటే లోపలికెళ్లి తలగుడ్డ మార్చుకుని వచ్చింది. దేశమంతా చూస్తుందమ్మా అంటే, పట్నంలో మా అబ్బాయి కూడా చూస్తాడా అని అడిగింది. ఏం పని చేస్తాడంటే కర్ర చెక్కుతాడంది. వడ్రంగి అయ్యుంటాడు, పాపం. అచ్చయ్యాక కాయితం పంపిస్తానని మాటిచ్చాను."

గుల్బ్రాండ్ ఉలి ఆగింది. అతనేదో జోకు వెతుక్కుంటున్నాడేమో. హాల్వర్ ప్రూఫు తీసిన గరిటెని గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందాన్నే మళ్లీ తుడుస్తున్నాడు.

"తల ఒక్కటే మారిస్తే చాలు," అన్నారు డాక్టరుగారు. "పడుచుపిల్ల. బంగారు జడ. దూరంగా చూస్తూ ఉండాలి."

"దేన్ని చూస్తూ ఉండాలండీ?" అన్నాడు గుల్బ్రాండ్, ఉండబట్టలేక.

"భవిష్యత్తును," అన్నారాయన, ఏమాత్రం నవ్వకుండా. తర్వాత హాల్వర్ వైపు తిరిగారు. "పని అమోఘం అబ్బాయ్. అందుకే ఇది నిన్నే అడుగుతున్నాను. ఏ ఊరు మీది?"

హాల్వర్ నోటికున్న గుడ్డ కిందికి లాగాడు. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా. కిటికీ పక్కన మేకుకున్న తోలుగుడ్డ కంటికి తగిలింది.

"తూర్పువైపండి."

"తెలుస్తూనే ఉంది. మన రైతుబిడ్డవి." డాక్టరుగారు అతని భుజం తట్టి వెళ్లిపోయారు.

మేస్త్రి తలుపు మూసి వచ్చాడు. చెక్కినవాడి చేతే చెరిపించడం ఆయనకీ కష్టంగానే ఉంది. "నీకు మనసొప్పకపోతే చెప్పు. గుల్బ్రాండ్ చేస్తాడు."

"వద్దు," అన్నాడు హాల్వర్. "నేనే చేస్తాను."

చెక్కిన కర్రలో తప్పు దిద్దాలంటే ఒకటే దారి. ఆ చోటంతా బరమాతో తొలిచేసి, ఆ కన్నంలో కొత్త కర్ర బిరడా దిగగొట్టి, పైన గీకి చదునుచేసి, దానిమీద మళ్లీ చెక్కాలి. శనివారం పొద్దున్న హాల్వర్ దిమ్మని బల్లకి బిగించాడు. బరమా మొనని తల్లి కనుబొమల మధ్య నిలబెట్టి చక్రం తిప్పాడు. ముందు ముక్కు పోయింది. తర్వాత కళ్లు. వారం పట్టిన పని, ఒక పాట పాడుకునేంతసేపట్లో పసుప్పచ్చని పొట్టు అయిపోయింది. పొట్టు ఊదేశాడు. ఊదినది గుడ్డ మీదా ఒళ్లోనూ పడింది. గుమ్మంలో కూర్చున్న మనిషికి భుజాలున్నాయి, తలగుడ్డ అంచు ఉంది. మధ్యలో గుండ్రటి కన్నం, దానిలోంచి బల్ల కనబడుతోంది.

బిరడా సంగతి నిన్నగాక మొన్న చేరినవాడికి కూడా తెలుసు. కొట్టబోయే ముందు పొయ్యి దగ్గర రెండు రోజులు ఎండబెట్టాలి. చెమ్మ ఉన్న బిరడా కొట్టేటప్పుడు బిగుతుగానే కూర్చుంటుంది. ఎండాక ముసలివాడి పన్ను చిగుట్లో వదులైనట్టు చుట్టూ సందు విడుస్తుంది. ఆ సందులోకి సిరా ఎక్కదు. కాయితం మీద తెల్లటి సున్నా పడుతుంది. ఇక్కడ ఏదో తీసేశారని గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది.

హాల్వర్ బిరడాని పొయ్యి దగ్గర పెట్టలేదు. బుగ్గలో పెట్టుకున్నాడు.

"పొగాకు ఎప్పుడు మొదలెట్టావు?" అన్నాడు గుల్బ్రాండ్.

"మ్" అన్నాడు హాల్వర్.

"మంచిది. పెళ్లిచూపులకి పనికొస్తుంది. మా మామ ఉమ్మితే చర్చి గంట మోగేది, పాదిరీ కూడా టైము దానితోనే సరిచూసుకునేవాడు."

కర్ర నోట్లో ఉబ్బింది. చేదుగా, నేల వాసనతో ఉంది. సాయంత్రం అందరూ కోట్లు తొడుక్కుంటున్నప్పుడు దాన్ని తీసి, తుడిచి, కన్నంలో పెట్టి చెక్క సుత్తితో కొట్టాడు. పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది. పుస్తకం అచ్చువేసే యంత్రశాలలో పొయ్యి మండుతూ ఉంటుంది. అక్కడికి చేరాక ఎండుతుంది, సందు విడుస్తుంది, అచ్చువాళ్లు గోల పెడతారు. అప్పటికి కొత్త దిమ్మ చెక్కడానికి వ్యవధి ఉండదు. ఆ పేజీ పోతుంది. అమ్మ లేకుండా అమ్మ ఇల్లు మాత్రం దేశమంతా తిరగడం అనేది ఉండదు. నోరు విప్పలేనివాడు ఆమాత్రం చెయ్యగలడు. అంతే చెయ్యగలడు.

సోమ, మంగళవారాలు పడుచుపిల్ల ముఖం చెక్కాడు. ఆ ముఖం ఎవరిదీ కాదు. తొక్క తీసిన బంగాళాదుంపలా నున్నగా వచ్చింది. చెయ్యి అలవాటుమీద ఎక్కడో ఒక గీత పెట్టబోతుంటే ఆపుకోవలసి వచ్చింది, ఆ పిల్లకి గీతలు ఉండకూడదు గనక.

మరుసటి శుక్రవారం యంత్రశాల నుంచి కబురొచ్చింది. డాక్టరుగారు అక్కడే ఉన్నారట, మేస్త్రినీ హాల్వర్‌నీ వెంటనే రమ్మన్నారట. దారి పొడుగునా మేస్త్రి పెద్ద పెద్ద అంగలేస్తూ ముందు నడిచాడు. మంచు తడిగా పడుతోంది. తనది భయమో సంతోషమో హాల్వర్‌కే తేలలేదు.

లోపల తాళ్లమీద తడి కాయితాలు ఆరేసి ఉన్నాయి. ప్రతి కాయితం మీదా ఆ పిల్ల. ప్రతి పిల్ల తలచుట్టూ సన్నటి తెల్లటి సున్నా, కంపాసుతో గీసినట్టు. మేస్త్రి ఒక్కసారి చూశాడు, ఆయన ముఖంలో నెత్తురు దిగిపోయింది. హాల్వర్ వైపు తిరిగాడు. ఆ చూపులో అడగవలసినదంతా ఉంది. చెమ్మ బిరడా ఏమిటో ఆయనకి తెలుసు, హాల్వర్ తెలియక చెయ్యడనీ తెలుసు.

డాక్టర్ స్టాబెల్ గారు ఒక కాయితం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు.

"ఇది ఎవరి ఆలోచన?" అన్నారు.

యంత్రం ఆగిపోయి ఉంది.

"నేనడగలేదు. నాకు తోచను కూడా తోచలేదు." ఆయన ఇటు తిరిగారు. కళ్లు తడిగా ఉన్నాయి. "తలచుట్టూ ఆ వెలుగు. పూజాపీఠం వెనక పటంలో మేరీమాతకి ఉన్నట్టు. మన పల్లెటూరి గుమ్మంలో మన దేశమే కూర్చుని ఉంది. టోనెసెన్, ఈ అబ్బాయి చెక్కలేదయ్యా, ప్రార్థన చేశాడు."

మేస్త్రి ముఖంలోకి నెత్తురు మెల్లగా తిరిగొచ్చింది. ఆయన హాల్వర్ చెయ్యి పట్టుకుని నొక్కాడు. నోరు మూసుకోమని దాని అర్థం.

"అది వెలుగు కాదండి," అన్నాడు హాల్వర్. "బిరడా ఎండింది. చుట్టూ సందు విడిచింది."

డాక్టరుగారు చిన్నగా నవ్వారు. "చూశారా? మన రైతుబిడ్డ వినయం. కళాకారుణ్ణని ఒప్పుకోడు, కర్ర చేసిందంటాడు."

"నిజంగా కర్రే చేసిందండి. అక్కడ ఇంకో తల ఉండేది."

"ఉండేది. దాన్ని దాటి ఇక్కడికొచ్చావు." ఆయన కాయితాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టారు. "చేపలు పట్టేవాడి బొమ్మ ఉంది కదా, కొండమీద గొర్రెలు కాసే పిల్ల ఉంది కదా, వాళ్లకీ ఇదే పెట్టు. మళ్లీ తొలవక్కర్లేదు, ఉలితో గీత గీస్తే చాలు. సోమవారానికి ఇస్తావా?"

సాయంత్రం హాల్వర్ చేపలు పట్టేవాడి దిమ్మని దిండుమీద పెట్టుకుని కూర్చున్నాడు. ముసలి జాలరి, చెవులదాకా టోపీ. ఆ టోపీ చుట్టూ సున్నా గీశాడు. దిమ్మ ఒక్క చుట్టు తిరిగింది, పని అయిపోయింది. గొర్రెలు కాసే పిల్లకీ గీశాడు. గుల్బ్రాండ్ వంగి చూసి, "నా ఓడకి కూడా ఒకటి పెట్టు, తుపానులో పనికొస్తుంది," అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి అతనూ ఊరుకున్నాడు.

మర్నాడు ఏలర్ట్ వచ్చాడు. చంకలో చుట్టిన కాయితం ఉంది. హాల్వర్ బల్లదగ్గర నిలబడి, నేలచూపులు చూస్తూ మాట్లాడాడు.

"మీదీ ఆవైపే అన్నారు కదా. ఆ ముసలావిడకి మాటిచ్చాను. పంపకపోతే బాగుండదు, పంపితే అంతకన్నా బాగుండదు. తపాలాలో వెయ్యడానికి నాకు చెయ్యి రావడం లేదు. మీ ఊళ్లవాళ్లు ఎవరైనా కనబడితే ఇచ్చెయ్యండి. ఏమని చెప్పాలో మీకే తెలుస్తుంది, నాకు తెలీడం లేదు."

హాల్వర్ కాయితం తీసుకున్నాడు.

శనివారాల్లో తూర్పు అడవులవాళ్లు మంచుమీద జారే గుర్రబ్బళ్లలో పెద్ద బజారుకి వస్తారు. చీపుళ్లు, బర్చ్ చెట్టు బెరడుతో అల్లిన బుట్టలు, గడ్డకట్టిన అడవికోళ్లు తెచ్చి అమ్ముతారు. గుల్బ్రాండ్ కోడి కొనుక్కోవాలని హాల్వర్ వెంటే బయల్దేరాడు. హాల్వర్ వద్దనలేదు. మధ్యాహ్నం భోజనవేళకే వెలుగు తగ్గింది. చివరి బండి దగ్గర ఓల్లి అనే ఫిన్నుల ముసలివాడు గుర్రం మీద గోనె కప్పుతున్నాడు. సరస్సు ఇవతల ఒడ్డున అతని ఇల్లు. హాల్వర్ ఇన్నేళ్లూ ఆ బండికి చుట్టుతిరిగి అవతలి సందులోంచి పోయేవాడు.

"సరస్సు అవతల కైసా అనే ఆవిడకి ఇది ఇవ్వాలి," అన్నాడు హాల్వర్, పట్నం మాటలో.

ఓల్లి వేళ్లు ప్యాంటుకి తుడుచుకుని కాయితం విప్పాడు. మంచు పడకుండా వీపు గాలికి పెట్టి చూశాడు. "గుమ్మం కైసాదే," అన్నాడు, పట్నం మాటని రాళ్లు ఏరినట్టు ఏరుకుంటూ. "ఒళ్లో పెట్టుకున్న చేతులు చూడు, ఆ బొటనవేలు గొడ్డలి తగిలి వంకరపోయింది, అవీ కైసావే. ఈ పిల్లెవరయ్యా? ముసలిదాని చేతులు ఈ పిల్లకెలా వచ్చాయి?"

హాల్వర్ వంగి చూశాడు. నిజమే. డాక్టరుగారూ, మేస్త్రీ, అచ్చువాళ్లూ అందరూ తలవైపే చూశారు. చేతుల జోలికి ఎవరూ పోలేదు. వాటిని చెక్కిన తనకి కూడా గుర్తులేదు.

"పాపం, కైసాకి చూపు తగ్గింది," అన్నాడు ఓల్లి. "కానీ ఇది కనబడుతుందిలే. చదవడం రాకపోయినా బొమ్మ చూస్తుంది కదా. ఎవరు పంపారని చెప్పను?"

గుల్బ్రాండ్ పక్కనే నిలబడి ఒక కోడి బరువు చేత్తో చూస్తున్నాడు.

"హెయిక్కి పంపాడని చెప్పు," అన్నాడు హాల్వర్. అది ఫిన్నుల మాటలో అన్నాడు. ఏళ్లతరబడి వాడని మాట గనక గొంతులో గీరుకుంటూ వచ్చింది. "ఆ హెయిక్కిని నేనే, కైసా కొడుకుని. అమ్మ ముఖం నేనే చెక్కాను. తీసెయ్యమంటే నేనే తీసేశాను. అది కూడా చెప్పు. దాచొద్దు."

ఓల్లి అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. దవడలు చూశాడు, కళ్లు చూశాడు. ఇంకేమీ అడగకుండా కాయితం చుట్టి, రొట్టె మూటతో కలిపి గొర్రెతోలు కింద పెట్టాడు. గుర్రం కదిలింది. మంచులో బండిగీతలు రెండు, బజారు చివర దాకా కనబడి తర్వాత కనబడలేదు.

గుల్బ్రాండ్ చేతిలో కోడి తలకిందులుగా వేలాడుతోంది. చాలాసేపు అతని నోట్లోంచి ఏమీ రాలేదు. చివరికి నేలవైపు చూస్తూ, "నాకు ఆ భాష రాదు హాల్వరూ," అన్నాడు. "నువ్వేమన్నావో నాకు అర్థం కాలేదు. ఎవరడిగినా అదే చెప్తాను."

"నీకు చెప్తాను," అన్నాడు హాల్వర్.

"అక్కర్లేదంటున్నాను కదా. సోమవారం పనిలోకి రావా ఏమిటి?"

గుల్బ్రాండ్ బూట్ల మీద మంచు పేరుకుంటోంది. హాల్వర్ మెడకున్న గుడ్డ వదులుచేసుకుని, ఓల్లికి చెప్పినదంతా మళ్లీ మొదట్నుంచి, ఈసారి గుల్బ్రాండ్‌కి తెలిసిన భాషలో చెప్పాడు.